ఇంకో పది దినాలు

369వ దినం

పొద్దున్నే సోలార్ అద్దాలు తుడిచాను. ఇరవై నాలుగు అద్దాలకు ఒక బిందె పట్టింది, పాత్రలు కడిగిన నీళ్లే. పెట్టెలను చల్లగా ఉంచే చలిమందు పీపాలో జానెడు తగ్గింది. ప్రతిసారీ అంతే తగ్గుతుంది.

నలభై నాలుగు పెట్టెలకూ గుండె లెక్క తీసుకున్నాను. పెట్టె తలవైపు అరచేయంత అద్దం ఉంటుంది, దాని కింద ఒక ముల్లు. లోపలి మనిషి గుండె ఒకసారి కొట్టుకుంటే ముల్లు ఒకసారి కదులుతుంది. అరవై సెకన్లకు ఒకసారి కదలాలని పుస్తకంలో ఉంది. అన్నీ సరిగానే ఉన్నాయి.

రేపటి నుంచి లేపడం మొదలు. దినానికి ఇద్దరిని మాత్రమే వెచ్చబెట్టగలం, అంతకు మించి అద్దాలు వేడి ఇవ్వవు. ఇరవై రెండు దినాలలో అందరూ లేస్తారు. ఆ తర్వాత పదిహేను దినాలు ఊరంతా మెలకువగా ఉంటుంది, తొట్టిలో దాచిన నీళ్లతో. అవి అయిపోయేలోగా మిగతా నలభై నాలుగు మంది ఒకే దినం అవే పెట్టెల్లో ఏడాది నిద్రకు పడుకుంటారు. మా ఊరు సుద్దమిట్టకు ఉన్నది ఒక్క బోరు. దాని నీళ్లు సగం ఊరికే సరిపోతాయి.

కాపరికి పెట్టె లేదు. కాపరి ఇంటి మనిషి మాత్రం అందరికంటే ముందు పడుకోవాలి, అందరికంటే వెనక లేవాలి. మొదటివాళ్లకు భయం పోవడానికి ఎవరో పెట్టిన పద్ధతి. అందుకని నా భర్త తిరుపాలు ఒకటో పెట్టెలో ఉన్నాడు. పెళ్లినాటికి నాకంటే నాలుగేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా నేను కాపరిని. ఆయన అందులో ఆరేళ్లు పెట్టెలోనే ఉన్నాడు. ఇప్పుడు నేనే రెండేళ్లు పెద్దదాన్ని.

పలకలు కూడా తుడిచాను, రాత చెరగకుండా అంచులు మాత్రమే. పడుకునే ముందు ప్రతి మనిషీ లేచేసరికి ఏం చూడాలనుకుంటున్నారో ఒక మాట చెప్తారు. కాపరి దాన్ని పలక మీద రాసి పెట్టె తలవైపు మేకుకు తగిలిస్తుంది. పలక ఖాళీగా ఉంచకూడదు. ఉత్త పలకతో పడుకున్నవాళ్లు లేవరని ఊళ్లో అంటారు.

370వ దినం

మద్దిలేటినీ వాళ్ల వదిననూ లేపాను. తెల్లవారినప్పుడు వెచ్చబెట్టడం మొదలుపెడితే మధ్యాహ్నం మూడు గంటలకు కళ్లు తెరిచారు.

అనుకున్నది జరగకపోతే ఆ సంగతి చెప్పాల్సింది కాపరే. పెట్టెలున్న కొట్టం దాటకముందే, సజ్జ జావ తాగించి చెప్పాలి. ఉత్త కడుపుతో వింటే గుండె తట్టుకోదు.

మద్దిలేటి పలక మీద 'వాకిలికి తలుపు' అని ఉంది. వాళ్ల అన్న చేయిస్తానన్నాడు కానీ కర్ర దొరకలేదు. జావ తాగాక చెప్పాను. చెంబును గోడకేసి కొట్టాడు. ఏడాది పడుకున్నవాళ్లకు ఏడాది గడిచినట్టు ఉండదు. నిన్న అడిగింది ఇవాళ లేదన్నట్టే ఉంటుంది. పోయిన తడవ ఒకాయన ఇలాంటి దానికే మెలకువ ఏడాదంతా తమ్ముడితో మాట్లాడలేదు. మళ్లీ పడుకునే దినం కూడా మాట్లాడకుండానే పడుకున్నాడు.

మద్దిలేటి సాయంత్రం దాకా తలుపు లేని వాకిలి ముందు కూర్చున్నాడట. చెంబుకు సొట్ట పడింది.

373వ దినం

ఓబులేసు వచ్చాడు. రేపు వాళ్ల నాన్న కుళ్లాయప్పను లేపాలి. కుళ్లాయప్పకు అరవై ఆరు. నా భర్తకు మేనమామ. ఆయన పలక మీద 'ఎర్రమేక' అని ఉంది. ఆ మేక ఎండాకాలంలో చచ్చిపోయింది.

"అక్కా, మా నాయనకు ఎట్ల చెప్పేది?" అన్నాడు.

"చెప్పేది నువ్వు గాదు, నేను."

"నువ్వు చెప్పినా తిట్లు నాకే గదా. పోయినసారి పందిరి పడిపోయినాదని మూన్నెల్లు నా చేతికూడు ముట్టలే. ఇంకో పది దినాలియ్యి. కొమ్మునేలకు పోయి అట్లాంటి మేకనే పట్టుకొస్తా."

"ఆయన మేక ఆయనకు తెలీదా?"

"ఏడాది పెరిగినాది గదా అంటా."

నవ్వు వచ్చింది. పుస్తకం తీసి చూశాను. నాలుగు వందల దినాల లోపల లేపాలని ఉంది. దాటితే ఏమవుతుందో రాయలేదు. ఈ పన్నెండేళ్లలో మాకు ఎప్పుడూ 391 దాటలేదు. సరేనన్నాను. పలక వెనకవైపు 384 అని సుద్దతో రాశాను.

376వ దినం

ఉసేనమ్మ వచ్చింది. ఆమె భర్త మస్తాన్ పలక మీద 'కొత్త కప్పు' అని ఉంది. రెండు దూలాలు లేచాయి, కప్పు లేవలేదు.

"ఓబులేసుకు పది దినాలిచ్చినావంట గదా వదినా. నా మొగుడు మేక కన్నా తక్కువనా?"

ఇవ్వనంటే నేను ఓబులేసు బంధువును కాబట్టి ఇచ్చానంటారు. ఇచ్చాను. ఆమె వెళ్లేలోగా ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకరింట్లో అన్నదమ్ములు విడిపోయారు. తల్లి లేచేసరికి కలిసి ఉన్నట్టు కనబడాలట. ఇంకొకామె చెల్లెలికి మాగాయ చేసి పెడతానని మాటిచ్చి మరిచిపోయింది. ఊరగాయకు కూడా పది దినాలేనా అని అడిగాను. ముక్క ఊరాలి గదా అన్నది.

ఇవాళ్టికి లేచినవాళ్లు పదమూడు మంది.

380వ దినం

ఎవరినీ లేపలేదు. లేపాల్సిన ఇద్దరి ఇళ్లవాళ్లూ గడువు తీసుకున్నారు. తర్వాతి వాళ్లను ముందుకు జరుపుదామంటే, వాళ్ల ఇళ్లవాళ్లు తమ దినం ఇంకా రాలేదు, పనులు కాలేదు అన్నారు. పడుకోవాల్సినవాళ్లు కూడా ఏమీ అనడం లేదు. వాళ్లకు ఇంకొన్ని దినాలు ఎండ చూసే వీలు దొరికింది.

ఊరు మునుపెన్నడూ లేనంత పనిలో ఉంది. కప్పులు లేస్తున్నాయి. గోడలకు సున్నం కొడుతున్నారు. పదకొండు నెలలు ముట్టుకోని పనులు ఇప్పుడు చేస్తున్నారు. అడిగినవాళ్లందరికీ పలక వెనక దినం వేసి ఇస్తున్నాను. వాళ్లు సంతోషంగా వెళ్తున్నారు. ఈ కొట్టంలోంచి మనుషులు సంతోషంగా వెళ్లడం నాకు కొత్త.

383వ దినం

నా సంగతి రాయాలి.

తిరుపాలు పలక మీద 'బాయిలో నీళ్లు' అని ఉంది. మా చేనులో ఆయన మెలకువగా ఉన్న ప్రతి ఏడూ గడ్డపార పెట్టి ఒక బావి తవ్వుతూ వచ్చాడు. ఆరు నిలువులు దిగింది. పడుకునే దినం ఆ మాట చెప్పి పెట్టెలోకి దిగాడు. ఈ ఏడాది నేను మధ్యాహ్నం పూట దిగి తవ్వాను, మట్టి బుట్ట నేనే చేదుకున్నాను. ఒక నిలువు తవ్వాను. పోయిన నెల నల్లబండ తగిలింది. గడ్డపార మొన వంగిపోయింది.

బండ పక్కన ఒక మూల మెత్తగా ఉంది. అక్కడ ఇంకో రెండు జానలు తవ్వితే చెమ్మ తగులుతుందేమోనని ఉంది. ఆయన వంతు 391న. పలక తిప్పి 395 అని రాశాను. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

385వ దినం

ఓబులేసు కొమ్మునేల నుంచి నిన్ననే రావాల్సింది, ఇవాళ వచ్చాడు, ఉత్త చేతులతో. అక్కడ ఎర్రమేకలు ఉన్నాయి కానీ నుదుట తెల్లమచ్చ ఉన్నది లేదట. దాని అవతలి ఊరిలో ఉందని విన్నాడు. ఇంకో పది దినాలు అడిగాడు. నాలుగు వందలకు లోపలే కదా అన్నాడు. 394 వేసి ఇచ్చాను.

391వ దినం

మాగాయ ఊరిందని చెప్పడానికి ఆమె వచ్చింది. చెల్లెలి దినం ఎప్పుడని అడిగింది. పలక తిప్పి చూసి 393 అన్నాను. పక్క పలక కూడా ఎందుకో తిప్పాను. 393. దాని పక్కది కూడా తిప్పాను. 393.

అన్ని పలకలూ మేకుల నుంచి తీసి నేల మీద బోర్లా పరిచాను. ఇరవై రెండు పెట్టెలు మిగిలాయి. 392కు ఐదుగురు, 393కు తొమ్మిది మంది, 394కు నలుగురు, 395కు నలుగురు. దినానికి లేపగలిగేది ఇద్దరిని.

ఇన్నాళ్లూ ఏ ఇంటి మాట ఆ ఇంటి పలక మీదే రాశాను. ఒక పలక మీది సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అందుకే మా దగ్గర అందరినీ ఒకచోట రాసే కాగితం లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు, వరసలో లేపుకుంటూ పోతే చాలు. పలకలన్నీ ఒకసారి తిప్పి చూడాలని నాకు ఇవాళ్టి దాకా తోచలేదు.

ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఏమైంది అని అడిగింది. పలకలు మళ్లీ లెక్కపెట్టాను. 

సాయంత్రం అందరినీ పిలిచి చెప్పాను. ఇవాళ్టి నుంచి ఎవరికీ గడువు లేదని, దినానికి ఇద్దరని, చివరి ఇద్దరూ 402న లేస్తారని. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచారు. నువ్వే గదా ఇచ్చింది అన్నారు. నేనే ఇచ్చాను. పలకలు కలిపి, ఒక్కొక్కటి తీసి వరస పెట్టాం. కుళ్లాయప్పకు 394, మస్తాన్‌కు 398 వచ్చాయి. కాపరి ఇంటిది చివర, కాబట్టి తిరుపాలుకు 402.

రెండు దినాలు దాటితే ఏమీ కాదని అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

393వ దినం

నిన్నా ఇవాళా నలుగురు లేచారు. బాగున్నారు.

ఓబులేసు మేకను తెచ్చాడు. ఎర్రదే, కానీ నుదుట మచ్చ లేదు. సున్నం పూస్తే గోడకు రుద్దుకుని పోగొట్టుకుంటోందట. రంగు ఏదైనా కాచి పూసి ఎండబెట్టాలంటాడు. ఉసేనమ్మ మస్తాన్ దినం ముందుకు తెచ్చుకోవాలని తిరుగుతోంది, కప్పు పూర్తయింది. ఇద్దరూ కలిసి వచ్చారు.

"మా నాయనకు తొందర లేదక్కా. నా దినం ఆమెకియ్యి, ఆమెది నాకియ్యి. మచ్చ ఆరతాది."

"నాలుగు దినాలు ఎనక్కి పోతాడు."

"నాలుగు వందలకు ఇంకా రెండు దినాలుంటాది గదా."

లెక్క సరిగానే ఉంది. పలకలు మార్చాను.

395వ దినం

దుమ్ముగాలి. పడమటి నుంచి గోధుమరంగులో లేచి వచ్చింది. నిన్న మస్తాన్ లేవడం మంచిదైంది. ఇవాళ అద్దాల మీద చీపురుతో నిలబడ్డాను, తుడిచిన చోట తుడుస్తూనే. మధ్యాహ్నానికి ఇద్దరిలో ఒకరికే వేడి సరిపోయింది. రెండోవాళ్లను మళ్లీ చల్లబరిచాను. అలా చేయవచ్చో కూడదో పుస్తకంలో లేదు.

399వ దినం

నిన్నా ఇవాళా అసలు ఎవరినీ వెచ్చబెట్టలేదు. ఎదుటి మనిషి కనబడడం లేదు. మూతికి గుడ్డ కట్టుకుని ఆడవాళ్లూ మగవాళ్లూ కొట్టం పైకెక్కి అద్దాలు తుడుస్తున్నారు.  పదమూడు పెట్టెలు మిగిలాయి.

గుండె లెక్క: చాలామందికి 64, 65 సెకన్లు. తిరుపాలుకు 66. కుళ్లాయప్పకు 71.

నాలుగు వందలు రేపే.

403వ దినం

నిన్నటి వరకు మూడు దినాలలో ముగ్గురిని లేపాను. ఇవాళ నాలుగో ఆమె లేచింది. గాలి తగ్గింది కానీ పైన దుమ్ము తేలుతూనే ఉంది, దినానికి ఒకరికే వేడి చాలుతోంది.

గుండె లెక్క: కుళ్లాయప్పకు 98. ముల్లు చెడిపోయిందనుకుని అద్దం తట్టాను. తిరుపాలుకు 79. ఇన్నేళ్లలో డెబ్భై దాటిన లెక్క నేను రాయలేదు.

రేపు కుళ్లాయప్పను లేపుతాను.

404వ దినం

పొద్దున కుళ్లాయప్ప లెక్క 110.

తెల్లవారుతుండగానే వెచ్చబెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిదికి 80 అయింది. పదకొండుకు 52. బాగానే దిగుతోందనుకున్నాను. ఓబులేసు మేకను కడిగి కొట్టం బయట కట్టేశాడు. నుదుట మచ్చ కుదిరింది. దగ్గరికి పోయి చూస్తే తప్ప తెలియదు. పోయేవాళ్లంతా ఆగి చూసి నవ్వుతున్నారు.

పన్నెండున్నరకు ముల్లు గబగబా కదిలింది. తర్వాత ఆగింది.

నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. అరవై లెక్కపెట్టాను. నూట పది లెక్కపెట్టాను. రెండు వందలు లెక్కపెట్టాను. పెట్టె మూత తీశాను. ఒళ్లు వెచ్చగా ఉంది, బతికున్న మనిషి ఒళ్లలాగే. నోరు కొంచెం తెరుచుకుంది. ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. ఎంతసేపు నొక్కానో తెలియదు. ఉసేనమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది.

బయటికి వెళ్లాను. ఓబులేసు మేకకు ఆకు పెడుతున్నాడు. నా చేతిలో జావ చెంబు ఉంది. ఎప్పుడు తీసుకున్నానో గుర్తు లేదు.

"లేచినాడా అక్కా?"

"జావ తాగు."

"నాకెందుకు?"

"తాగు."

చెంబు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఈ ఊళ్లో జావ ఎందుకిస్తారో అందరికీ తెలుసు. తీసుకుని తాగాడు, మొత్తం తాగాడు. చెంబు నాకు తిరిగి ఇచ్చాడు. అప్పుడు చెప్పాను.  నేల మీద కూర్చుని మేక నుదుటి మీది మచ్చను బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. రంగు పోయేదాకా రుద్దాడు.

మిగతా పెట్టెల లెక్క తీసుకున్నాను. ఎనిమిది. తిరుపాలుకు 84.

405వ దినం

కుళ్లాయప్పను మిట్ట వెనక పూడ్చారు. ఎవరినీ లేపలేదు.

మిగిలిన ఎనిమిది మంది ఇళ్లవాళ్లు కొట్టం ముందు కూర్చున్నారు. లేపితే గుండె ఆగుతుందేమో. లేపకపోతే ముల్లు ఇంకా నిదానిస్తుంది. ఏది చేయమంటావని నన్ను అడిగారు. నాకు తెలియదని చెప్పాను. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అందులో లేదు.

చివరికి నేనే అన్నాను, రేపటి నుంచి లేపుతాను, ముల్లు ఎక్కువ నిదానించినవాళ్లు ముందు అని. ఎవరూ కాదనలేదు. వేడి మాత్రం మెల్లగా ఇవ్వాలి. అది నా ఆలోచన, సరైనదో కాదో తెలియదు.

ఆ లెక్కన తిరుపాలు మూడోవాడు. ఉసేనమ్మ అందరి ముందూ అన్నది, "వదినా, లెక్క ప్రకారమే నీ మొగుడు మూడోవాడు. ఎవరేమంటారు?"

 ఆ ఏడు ఇళ్లవాళ్ల ముఖాలు చూశాను. వాళ్లకు గడువు ఇచ్చింది నేను. కాపరి ఇంటిది చివరే అన్నాను.

409వ దినం

నిన్నటి దాకా ముగ్గురు లేచారు. ఇవాళ చెన్నమ్మ లేచింది. మాట బాగుంది, చూపు బాగుంది. కుడిచేతి వేళ్లు మడవడం లేదు. చెంబు పట్టుకోలేక జారవిడిచింది. చెయ్యి తిమ్మిరి పట్టింది, కాసేపుంటే పోతుందిలే అని తానే నాకు చెప్పింది. మాగాయ ఆమె కోసమే. అక్క ముద్ద కలిపి నోట్లో పెట్టింది.

తిరుపాలుకు 99.

బావి దగ్గరికి పోయి చూశాను, మెత్తగా ఉన్న మూల. గాలికి సగం పూడిపోయింది. దిగలేదు.

412వ దినం

ఏడో మనిషి లేచాడు. బాగున్నాడు. ఇక ఒక్క పెట్టె.

పొద్దున తిరుపాలుకు 113. సాయంత్రం 115. కుళ్లాయప్పను లెక్క 110 దగ్గర ఉండగా వెచ్చబెట్టడం మొదలుపెట్టాను.

ఇవాళ ఎండ బాగా కాసింది.

413వ దినం

పొద్దున 118.

వేడి మెల్లగా ఇచ్చాను. మామూలుగా ఇచ్చేదానిలో సగం. తొమ్మిదికి 101. పన్నెండుకు 77. పన్నెండున్నరకు ఉసేనమ్మ లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది, ముల్లు వైపు కాకుండా గోడ వైపు చూస్తూ. ఒంటిగంటకు 60. రెండున్నరకు 22. నాలుగుంపావుకు ముల్లు లెక్కపెట్టలేనంత వేగంగా కదిలింది. నేను కళ్లు మూసుకున్నాను. ఉసేనమ్మ, "వదినా, చూడు," అన్నది.

ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి.

వేళ్లు మడవమన్నాను, మడిచాడు. కాళ్లు కదపమన్నాను, కదిపాడు. మూత తీసి కూర్చోబెట్టాం. ఉసేనమ్మ వెళ్లిపోయింది. జావ ఇచ్చాను, తాగాడు. ఇంత చల్లగా ఉండాదేమే అన్నాడు. పొద్దున కాచింది.

తర్వాత చెప్పాను.

"బాయిలో నీళ్లు పడలే. బండ తగిలింది."

నా వైపు చూశాడు.

"ఏ బాయి?"

 చెన్నమ్మకు వేళ్లు పోయినట్టు ఈయనకు జ్ఞాపకం పోయిందనుకున్నాను. నా పేరడిగాను. సుంకులమ్మ అన్నాడు. వాళ్లమ్మ పేరడిగాను, చెప్పాడు. ఇవన్నీ ఎందుకడుగుతాండావ్ అన్నాడు.

"మన చేని బాయి. పలకలో రాయించినావు గదా."

"అదా." మోచేత్తో మూతి తుడుచుకున్నాడు. "అది బండేనని మూడేండ్ల నుంచి తెలుసు నాకు. ఎనక జనం నిలబడుకోని ఉండారు, నువ్వేమో సుద్ద పట్టుకోని చూస్తాండావు. ఏదో ఒకటి చెప్పాల గదా, నోటికొచ్చింది చెప్పినా."

"మరి ఏండ్లకేండ్లు తవ్వితివే?"

"ఊరికే కూచోలేక." అప్పుడు నా చేతులు చూశాడు. "నువ్వు గానీ దిగినావా దాంట్లోకి?"

 పక్కన నేల మీద పలకలు వరసగా ఉన్నాయి, అన్నిటికీ ముందువైపు పైకి. తలుపు, కప్పు, మాగాయ, ఎర్రమేక. వీటిలో ఎన్ని నోటికొచ్చి చెప్పినవో నాకు తెలియదు. నలభై మూడు మందిని అడగవచ్చు. ఒకరిని అడగలేను.

ఆయన కాళ్లు కిందికి దించి, లేవడానికి బలం కూడగట్టుకుంటున్నాడు. ముఖంలో కళ వచ్చింది.

"కుళ్లాయప్ప మామ ముందే లేచింటాడు గదా. దాడి ఆట ఒకటి మధ్యలో ఆపినాం పడుకునే దినం. గెలిచేది నేనే. కళ్లు మూసుకునేదాకా అదే మనసులో ఉన్నింది, తర్వాత ఏ గోటీ జరపాలనేది. నన్ను చూస్తానే పారిపోతాడు సూడు."

చెంబులో జావ లేదు. చెప్పాను. లేపేటప్పుడు గుండె ఆగిందని, తొమ్మిది దినాలైందని, మిట్ట వెనక ఉన్నాడని.

పెట్టె అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత, "పోదాం పట్టు," అన్నాడు.

లేచిన దినం కొట్టం దాటి అంత దూరం నడవకూడదు. చెప్పినా వినలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. పది అడుగులకొకసారి ఆగాం. దారిలో మస్తాన్ కొత్త కప్పు చూసి, బాగేసినారే అన్నాడు. ఎవరి ఇంటి ముందూ మనుషులు లేరు. లోపలికి వెళ్లి ఉంటారు.

మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. మేక గుంజకు కట్టేసి ఉంది, ఓబులేసు అక్కడ లేడు.

"ఎన్నో దినం లేపినారు మామను?"

"నాలుగు వందల నాలుగు."

"అంత దాకా ఎందుకుంచినారు?"

మేక సంగతి చెప్పాను. మొదటి పది దినాలు, రెండో పది దినాలు, పలకలు మార్చింది, దుమ్ము. ఇచ్చింది నేనేనని చెప్పాను. ఆయన మట్టి వైపే చూస్తున్నాడు.

"మరి నాది ఎన్నో దినం?"

"నాలుగు వందల పదమూడు."

"కాపరి ఇంటిది ఎనక అని."

"అవును. దానికి ముందు నేనూ ఒక నాలుగు దినాలు జరిపినా."

"దేనికి?"

"బాయికి."

 నా భుజం మీద నుంచి చెయ్యి తీశాడు. రెండు కాళ్లూ వణుకుతున్నాయి. పడతాడేమోనని పక్కనే నిలబడి చూశాను. పడలేదు.